కనపడని కుట్టు

టైలర్ మాస్టారి ముక్కు మొదటి వారంలోనే చేతులెత్తేసింది. ఆసుపత్రి లాండ్రీలో మురికిగుడ్డలు వేరుచేసే గది అది. వార్డుల నుంచి మూటలొస్తాయి. విప్పాలి, ఒక్కో దుప్పటీ దులపాలి, నెత్తురువి ఒకవైపు, మిగతావి ఇంకోవైపు వెయ్యాలి. మిగతావి అంటే ఏమిటో చెప్పకపోవడమే మర్యాద. ముప్పై ఏళ్ళు కొత్తబట్టల వాసన పీల్చి బతికిన మనిషికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది?

రెడీమేడ్ దుకాణాల దెబ్బకి కొట్టు మూతపడ్డాక పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడాయన. ఖాళీ అంటే ఏమిటో ఉద్యోగాలున్నవాళ్ళకి తెలీదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికెళ్ళాలో తోచక బస్టాపులో కూర్చుని వచ్చేవాడు. ఇంట్లో పంకా వేసుకోవడానికి కూడా మొహమాటం. కూతురు "నాన్నా, మంచినీళ్ళు" అంటే చాలు, ఏదో ఒక పని దొరికిందని పరుగెత్తేవాడు. బామ్మర్ది "ఇంకా వెతుకుతూనే ఉన్నావా బావా?" అన్నప్పుడల్లా తల కొట్టేసినట్టుండేది.

చివరికి ఆ బామ్మర్దే ఈ పని చూపించాడు. మాస్టారు ముఖం ముడుచుకున్నాడు. భార్య తెగేసి చెప్పింది.

"ఏమండీ, కంపు కొడితే స్నానం చేస్తే పోతుంది. మీరట్లా గోడకేసి చూస్తూ కూర్చుంటే, అది నా కళ్ళలోంచి ఏ సబ్బుతో పోతుంది?"

మర్నాడే వెళ్ళి చేరాడు. సాయంత్రం రెండుసార్లు ఒళ్ళు తోముకున్నా, అన్నం దగ్గర కూతురు కాస్త ఎడంగా జరిగి కూర్చునేది. పాపం, దాచాలనే చూసేది, దాచడం చేతకాలేదు. వీధిలో బామ్మర్ది ఎదురైతే మాత్రం ఇప్పుడు తల దించుకోనక్కర్లేదు. రెండిట్లో ఏది నయమో ఆయనకే తేలలేదు.

ప్రమాదాల్లో వచ్చినవాళ్ళకి బట్టలు విప్పే తీరిక ఉండదు. కత్తెరతో నిలువునా కోసేస్తారు. అవి బెడ్ నంబరు రాసిన సంచీలో విడిగా వస్తాయి. ఉతికి, మడతపెట్టి పైకి పంపితే ఇంటివాళ్ళకి ఇస్తారు. కోసింది కోసినట్టే పంపాలని సూపర్‌వైజర్ ఆజ్ఞ. ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న ఒకావిడని అందరూ అక్కా అనేవాళ్ళు. ఆవిడ ఆ సంచీలు తల పక్కకి తిప్పుకునే విప్పేది.

"చూడకు తమ్ముడూ. చూడ్డం మొదలుపెడితే ఇక్కడ పనిచెయ్యలేం."

మాస్టారు చూశాడు. ఏదో ఫ్యాక్టరీ కూలీల బస్సు బోల్తాపడి మంటల్లో చిక్కుకుందట. సంచీల నిండా ఒకే రకం నీలం చొక్కాలు. ఆరో బెడ్ చొక్కా కింది అంచు నుంచి కాలరు దాకా కోసేసి ఉంది. కాలలేదు, నెత్తుటి మరకలే. ఉతికితే గుడ్డ బంగారంలా తేలింది. "ఎవడు కోశాడోగానీ, చేతిలో కత్తెరుందా కొడవలుందా!" అని విసుక్కున్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. చేతులు ఊరుకోలేదు.

మర్నాడు ఇంటి నుంచి సూది తెచ్చాడు. మెట్ల మలుపులో కూర్చుని, చొక్కా లోపలి అంచులోంచే దారం లాగి, ఆ దారంతోనే కోతని కలిపాడు. రెండు రోజుల అన్నం వేళలు పట్టింది. కొట్టు మూతపడ్డాక ఆయన మనిషిలా బతికింది ఆ రెండు మధ్యాహ్నాలే. అక్కకి చూపిస్తే వెలుతురులో పెట్టి ఎంత వెతికినా అతుకు దొరకలేదు. మాస్టారు ఉబ్బిపోయి, చొక్కా మడతపెట్టి పైకి పంపాడు. ఆ పిల్లాడి కన్నవాళ్ళెవరో, ఈ చొక్కా చూసి గుండె పగలకుండా ఉంటుందనుకున్నాడు, పిచ్చి మారాజు.

మూడో రోజు పొద్దున సూపర్‌వైజర్ చిందులు తొక్కుతూ వచ్చాడు.

"ఆరో బెడ్ చొక్కా ఎవరు చూశారు? ఆ కుర్రాడు తెల్లారగట్ల పోయాడు. ముఖం చితికిపోయి గుర్తుపట్టేలా లేదు, జేబులో కార్డు చూసి తల్లిని పిలిపించారు. నర్సేమో చొక్కా కోసి తీశామని చెప్పింది. తీరా మనం పంపిన చొక్కాకి గీటు కూడా లేదు! ఇది కోసింది కాదు, కార్డులు తారుమారయ్యాయి, నా కొడుకు ఇంకెక్కడో ఉన్నాడని ఆవిడ శవాన్ని తీసుకోనంటోంది. సంచీలు కలిపేసిందెవరో తేలిందా, ఈ పూటే ఇంటికి పంపించేస్తా."

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. అక్క ఆయన మోచెయ్యి గట్టిగా గిల్లింది. నోరు మూసుకుంటే గడిచిపోతుంది. ఇవాళ కాకపోతే రేపు ఆ తల్లికే తెలుస్తుంది. కానీ ఈలోగా ఆవిడ ఎన్ని ఆసుపత్రులు తిరుగుతుందో, ఎన్ని మంచాల దగ్గర ఒంగి చూస్తుందో!

"కలవలేదు సార్. నేనే కుట్టాను."

సూపర్‌వైజర్ ఆయన రెక్క పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు.

వరండాలో బల్ల మీద ఒక ముసలావిడ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తూ ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"నువ్వైనా చూసి చెప్పు నాయనా, దీనికెక్కడైనా కోత ఉందా?"

మాస్టారు పక్కన కూర్చున్నాడు. చొక్కా తిరగేసి, ఆవిడ వేలు పట్టుకుని లోపలివైపు కింది నుంచి పైకి మెల్లగా నడిపించాడు. కాలరు దాకా వెళ్ళింది వేలు. మళ్ళీ కిందికొచ్చింది. ఈసారి తనంతట తనే వెళ్ళింది.

"నువ్వు కుట్టావా?"

"అవునమ్మా. తెలీక చేశాను. క్షమించమ్మా."

"బాగా కుట్టావు నాయనా," అంది. ఆ తర్వాత ఏడ్చింది. వార్డులోంచి నర్సులు తొంగిచూశారు. మాస్టారు లేవలేదు. ఉత్త చేతులతో కొడుకుని చంపి తల్లికి చూపించినట్టుంది ఆయనకి.

చాలాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని చొక్కా ఆయన ఒళ్ళో పెట్టింది.

"విప్పెయ్యి. ఇది ఇట్లాగే ఇంటికి తీసుకెళ్తే, రోజూ వాడొస్తాడేమోననుకుంటాను."

నర్సునడిగి చిన్న కత్తెర తెచ్చుకున్నాడు. ఒక్కొక్క పోగూ పట్టుకుని తెంపాడు. జన్మలో అంత సన్నటి కుట్టు వెయ్యలేదు, ఇకముందు వేస్తాడన్న ఆశా లేదు. చివరి పోగు తెగాక రెండు ముక్కలూ విడిపోయాయి. ఆవిడ వాటిని మడిచి చంకలో పెట్టుకుని, కొడుకు దగ్గరికి తీసుకెళ్ళమని నర్సుతో చెప్పింది.

మాస్టారు చేతి తొడుగులు తీసి సూపర్‌వైజర్‌కి ఇవ్వబోయాడు. ఉద్యోగం పోతున్నందుకు భయం వెయ్యలేదు. హమ్మయ్య అనిపించింది, అంతే.

సూపర్‌వైజర్ తొడుగులు పుచ్చుకోలేదు. అప్పటిదాకా గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడేమో, గొంతు తగ్గిపోయింది.

"ఇంకెప్పుడూ సూది తేకండి మాస్టారూ. రేపు ఎనిమిదింటికి వచ్చెయ్యండి."

రాలేను సార్, నన్ను తీసెయ్యండి అందామని మాస్టారు నోరు తెరిచాడు. ఇల్లు గుర్తొచ్చింది.

"అలాగే సార్," అన్నాడు.