వెన్నెల భుజం మీది జిడ్డు

నేను ఒక ఇత్తడి నూనె గిన్నెను. అరచేతిలో ఇమిడిపోతాను. ఇంత చిన్నదాని వల్ల ఎవరికేం హాని జరుగుతుందిలే అని మనుషులు అనుకుంటారు. అరవై ఏళ్లపాటు నేనూ అలాగే అనుకున్నాను.

కంచరి కొలిమిలో కరిగి, సుత్తి దెబ్బలు తిని, అంచున ఒక సొట్టతోనే తిరునాళ్ల అంగడికి చేరాను. చీరాలలో భ్రమరాంబ పుట్టినప్పుడు వాళ్లమ్మ ఆ సొట్ట చూపించి, బేరమాడి మరీ నన్ను కొన్నది. నాలోని నూనెతోనే భ్రమరాంబకి ఒళ్లు రుద్దారు. ఆవిడ తన కొడుక్కి రుద్దింది, కొడుకు కూతురు వెన్నెలకీ రుద్దింది. ఏ బిడ్డ ఎముక గట్టిపడినా ఆ ఇంట్లో పేరు నాకే వచ్చేది, చేతులు నొప్పిపుట్టేలా రుద్దిన ఆడవాళ్లకి కాదు. నేనూ కాదనలేదు.

వెన్నెలకి ఏడో నెలలో మూర్ఛ మొదలైంది. పేరు చెప్పడానికి డాక్టరే రెండుసార్లు కాగితం చూసుకోవాల్సినంత అరుదైన జబ్బు. ఆరేళ్లు వచ్చేసరికి వారానికి ఇరవైసార్లు వస్తోంది. పిల్లకి మాట రాలేదు. మందు తాగిస్తే సగం కక్కేసేది. అప్పుడు ఒక పెద్దాసుపత్రి వాళ్లు కొత్త మందుని పరీక్షిస్తూ వెన్నెలని చేర్చుకున్నారు. కన్నబిడియాల్ అనే మందు కలిపిన జెల్. రోజుకి రెండుసార్లు భుజాలకి రాస్తే చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుందట. ఎనిమిది వారాల్లో మూర్ఛలు తగ్గితే మందు కొనసాగుతుంది. తగ్గకపోతే అంతే.

వెన్నెల తల్లి హైమవతి ఆ జెల్ పొట్లాలు ఇంటికి తెచ్చి, మందుని గంజాయి మొక్కలోంచి తీస్తారనీ, మత్తు మాత్రం ఎక్కదనీ అత్తగారికి చెప్పింది.

"గంజాయా!" భ్రమరాంబ వెళ్లి వీధి తలుపు గడియ పెట్టొచ్చింది. "పోలీసులొస్తే నువ్వే చెప్పుకో తల్లీ. నేను ఊళ్లోనే లేను."

"మందు సంగతి నేను చూసుకుంటాను అత్తయ్యా. మీరు మాత్రం నూనె జోలికి వెళ్లకండి. చర్మం పొడిగా ఉండాలంట. జిడ్డుంటే మందు సరిగ్గా దిగదంట."

"నూనె లేకుండా పిల్లని ఎట్టా పెంచుతారే? అయినా ఆ గ్లౌజులేంటి? కన్నబిడ్డని ముట్టుకోడానికి తొడుగులా?"

"మందు మన చేతుల్లోకి దిగకూడదని."

"నా చేతుల్లోకి అరవై ఏళ్లనించి నూనె దిగుతానే ఉంది. నాకేమైంది?"

హైమవతి నన్ను అటకెక్కించింది. నేనక్కడ నాలుగు రోజులైనా ఉండలేదు. మోకాళ్ల నొప్పులని మేడమెట్లు మానేసిన భ్రమరాంబ, స్టూలెక్కి నన్ను దించి మంచం కింద దాచింది. పొద్దున్నే హైమవతి పాలకి వెళ్లగానే పిల్లకి నూనె రుద్ది, పాత తువ్వాలుతో తుడిచేసేది. "మీ అమ్మకి చెప్పమాకే" అని నవ్వేది. రహస్యానికి మాటలు రాని పిల్లకంటే మంచి తోడు ఎక్కడ దొరుకుతుంది? హైమవతి తిరిగొచ్చి, గ్లౌజులు తొడుక్కుని, నా జిడ్డు మీద మందు రాసేది. జెల్ ఎలాగూ జారుడే కనక గ్లౌజు వేళ్లకి తేడా తెలియలేదు. నూనె వాసనంటారా, ఆ ఇల్లంతా ఎప్పుడూ అదే.

మూర్ఛ వచ్చినప్పుడల్లా క్యాలెండర్ మీద ఒక ఎర్రగీత. ఒక వారం ఇరవై, ఇంకో వారం పంతొమ్మిది, మరో వారం ఇరవై ఒకటి.

"నీ జిగురు కంటే నా నూనే నయం," అనేది భ్రమరాంబ.

ఏడో వారంలో ఆసుపత్రి నర్సు కృపారాణి ఇంటికి వచ్చింది. ఆమె కూర్చుందో లేదో, చాప మీద ఆడుకుంటున్న వెన్నెలకి మూర్ఛ వచ్చింది. కొట్టుకుంటున్న కాలు మంచం కిందికి వెళ్లి నన్ను తన్నింది. నేను నూనె కక్కుకుంటూ దొర్లి నర్సు పాదాల దగ్గర ఆగాను. ఆమె పిల్లని పక్కకి తిప్పి, గడియారం చూస్తూ ఉండిపోయింది. మూర్ఛ ఆగాక నన్ను చూసింది. ఆ తర్వాత వెన్నెల భుజాన్ని వేలితో రాసి చూసింది.

"ఎన్నాళ్లనించి, పెద్దమ్మా?"

"మొదటి వారం నించీ," అంది భ్రమరాంబ. "ఎముకలకి బలమనమ్మా..."

హైమవతి కూతురి భుజాలు సబ్బుతో కడగడం మొదలుపెట్టి, ఎంతసేపటికీ ఆపలేదు.

"నేను దాచలేను, రాయాల్సిందే," అంది నర్సు. "పెద్ద డాక్టర్లు ఏమంటారో తెలిసేదాకా ఉన్న పొట్లాలు వాడండి. వారానికి సరిపోతాయి."

భ్రమరాంబ నన్ను చింతపండుతో తోమి, తుడిచి కిటికీలో బోర్లించింది. మర్నాడు, "నేను రాస్తానే" అని కోడలి ముందు చేతులు చాపింది. హైమవతి కాసేపు ఆ చేతుల వంక చూసి గ్లౌజులు అందించింది. మూడో రోజుకల్లా వెన్నెల, గ్లౌజులు తొడిగే చప్పుడు వినగానే గౌనుని భుజం మీంచి కిందికి లాక్కోవడం నేర్చుకుంది. ఆరేళ్లలో ఎవరూ నేర్పకుండా ఆ పిల్ల నేర్చుకున్న మొదటి పని అది.

ఆ వారం ఎర్రగీతలు తొమ్మిది. భ్రమరాంబ వేలు పెట్టి మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొమ్మిదే.

పదో రోజున ఫోన్ వచ్చింది. నియమం తప్పారు కనక వెన్నెల పేరు తీసేశారు. మందు ఇంకా అంగళ్లలోకి రాలేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్క వారాన్ని బట్టి ఏమీ చెప్పలేమనీ, వాటంతటవే తగ్గి ఉండొచ్చనీ నర్సు మంచి మనసుతో అంది. భ్రమరాంబ ఆ ఓదార్పు పుచ్చుకోలేదు. ఆ నెలాఖరుకి గీతలు మళ్లీ ఇరవై.

ఇప్పుడు నాలో నూనె లేదు. ఆవిడ తన తలకి కూడా రాసుకోవడం మానేసింది. మిగిలిపోయిన ఒక జత గ్లౌజులు నాలో మడిచి పెట్టుకుంది. రోజూ పొద్దున్నే వెన్నెల వచ్చి నాయనమ్మ ముందు కూర్చుంటుంది. గౌను భుజం మీంచి కిందికి లాక్కుని ఎదురుచూస్తుంది.

భ్రమరాంబ గ్లౌజులు తొడుక్కుని, ఏమీ లేని చేత్తో, ఆ పొడి భుజాల్ని డాక్టరు చెప్పినంతసేపూ రుద్దుతుంది.