దూడలక్క చెవి

ఆ డెయిరీ ఫారంలో దూడల కొట్టం చూసేది ఒక్క మనిషే. మేనేజరు మొదలు పాలవ్యాను డ్రైవరు దాకా అందరికీ ఆవిడ దూడలక్క. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన పశువుల డాక్టరు కూడా అలాగే పిలిచేవాడు.

డాక్టరు ప్రతి మంగళవారం పొద్దున్నే వచ్చి, ముప్పై దూడల ఊపిరీ స్టెతస్కోపుతో వినేవాడు. ఆవిడ దూడను మోకాళ్ళ మధ్య పట్టుకునేది, ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. పద్దెనిమిదేళ్ళుగా అంతే.

ఆ మంగళవారం నల్లచెవి దూడ దగ్గర ఆయన "బాగుంది" అని ముందుకు కదిలాడు.

"డాక్టరుగారూ, ఇది నిన్నటి నుంచి పాలసీసా సగంలోనే వదిలేస్తోందండీ."

"ఆఁ, అవును, పొద్దున్నే కాస్త చలిగానే ఉంది."

దూడలక్క పక్క దూడను పట్టుకుంది. ఈమధ్య ఇలాంటి పొంతన లేని జవాబులు ఎక్కువయ్యాయి. పెద్దాయన, ఏ ధ్యాసలో ఉన్నాడో అనుకుని సరిపెట్టుకుంది.

మర్నాటికి నల్లచెవి తల వాల్చేసింది. ఒళ్ళు కాలిపోతోంది, డొక్కలు ఎగరేస్తోంది. ఫోను చేసిన అరగంటకు డాక్టరు వచ్చాడు. స్టెతస్కోపు ఇటు పెట్టాడు, అటు పెట్టాడు. చెవుల్లోంచి తీసి, గొట్టంలో ఊది, మళ్ళీ పెట్టాడు. చివరికి బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"నిన్న నేను దీన్ని బాగుందన్నాను కదా అక్కా?"

"అన్నారండీ."

"నాకు వినపడటం లేదు. ఏడాదయింది. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. ఊపిరితిత్తుల జబ్బు పలికేదే సన్నగా."

దూడలక్కకు చర్రున కోపం వచ్చింది. కానీ ఆయన దూడ మెడ నిమురుతూ ఉండటం చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. చెయ్యి చాపింది.

"నా చెవులు బాగానే ఉన్నాయి. ఇలా ఇవ్వండి."

ఆయన ముందు పక్కనున్న ఆరోగ్యమైన దూడను వినమన్నాడు. మంచి తెలిస్తేగాని చెడు తెలియదన్నాడు. ముందుకాలి వెనక, మడతలో ఎక్కడ పెట్టాలో చూపించాడు.

"ఎలా ఉంది?" అని గట్టిగా అడిగాడు.

"మెత్తగా ఉందండీ. పసిపిల్ల నిద్రలో ఊపిరి తీసినట్టు," అని ఆవిడా గట్టిగానే చెప్పింది.

"ఇప్పుడు నల్లచెవిని విను."

ఆవిడ ఊపిరి బిగబట్టి చాలాసేపు వింది. "కుడివైపు కింద, ఎండుటాకులు నలిపినట్టు చప్పుడొస్తోంది. ఎడమవైపు లేదు."

"ఒక పక్కే పట్టింది. నయం!" అంటూ డాక్టరు లేచి ఇంజెక్షను సిద్ధం చేశాడు.

సూది వేస్తున్నంతసేపూ దూడలక్క దూడ నుదురు రాస్తూనే ఉంది. "ఈనిన గంటలోనే ముర్రుపాలు పట్టానండీ. కడుపునిండా తాగింది. అయినా ఎందుకొచ్చిందంటారు?"

"నీ తప్పేం లేదు. తల్లి ముర్రుపాలతో ఇచ్చిన రక్షణ ఈ నాలుగైదు వారాలకి పల్చబడుతుంది. దీని సొంత బలం ఇంకా చిక్కబడదు. ముక్కూ, గొంతూ, ఊపిరితిత్తులూ కాపలా పని నేర్చుకోవాలి కదా. జబ్బు దూరేది ఆ సందులోనే."

"పాత కాపలావాడు వెళ్ళిపోయాడు, కొత్తవాడికి ఇంకా తాళాలెక్కడున్నాయో తెలీదు. అంతేనా?"

"అచ్చం అంతే!" డాక్టరు ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

చలి అని ఆవిడ కిటికీలకు కట్టిన గోనెపట్టాలు ఇద్దరూ కలిసి విప్పేశారు. ఉచ్చ ఘాటు లోపలే ఉంటే ఊపిరితిత్తులకు మరీ చేటన్నాడు డాక్టరు. మిగతా చిన్నదూడలకు ముక్కులో టీకా చుక్కలు వేశారు. ముక్కులోని కాపలా అక్కడే త్వరగా లేవడానికట. ప్రతి దూడా తుమ్మింది, అదీ సరిగ్గా డాక్టరు కళ్ళద్దాల మీదే.

డాక్టరు వెళ్ళేముందు దూడలక్క దగ్గరగా వచ్చి, "నేనెవరికీ చెప్పనండీ" అంది.

"వద్దక్కా. నువ్వు దాస్తే రేపు ఇంకో దూడ మీదికొస్తుంది. నేనే చెబుతాను."

అటునుంచి అటే మేనేజరు గదికి వెళ్ళి చెప్పేశాడు. మేనేజరు ఆయన్ను చెవుల డాక్టరుకు చూపించుకుని రమ్మనీ, అప్పటిదాకా దూడలక్క వింటే ఆయన మందివ్వాలనీ తేల్చాడు.

నల్లచెవికి మూడు రోజులు గడ్డుగానే గడిచాయి. దూడలక్క గంటగంటకూ కొద్దికొద్దిగా పాలు పట్టింది. నాలుగోనాడు అది సీసా ఖాళీ చేసి, ఇంకా కావాలని ఆవిడ పొట్టలో ఒక్క కుమ్ము కుమ్మింది. ఆవిడ గడ్డిలో చతికిలపడి, కళ్ళు తుడుచుకుంటూ దాన్ని తిట్టింది.

పై మంగళవారం డాక్టరు భార్య కూడా వచ్చింది. నల్లచెవిని ముద్దు చేస్తూ గొంతు తగ్గించి అంది: "ఏడాదిగా ఈయనకు వినపడటం లేదా, వినడం లేదా అని కొట్టుకుంటున్నానమ్మా. చెవికి మిషను రానీ. ఏడాది నుంచి అన్నవన్నీ మళ్ళీ మొదటినుంచీ అంటాను!"

"ఏమంటోంది?" అని డాక్టరు దూడలక్కను అడిగాడు.

"మీరు చాలా మంచివారంటున్నారండీ," అని ఆవిడ గట్టిగా చెప్పింది.