మార్జిన్‌లో పెన్సిల్ రాతలు

ఆదివారం పొద్దున పేపర్లు దిద్దడమంటే నాకు పండగ. మాకు పెళ్లయి ఏడు వారాలైంది. నేథన్ పాన్‌కేకులు మాడ్చుకొస్తాడు, నేను ఆ మాడిన అంచులే ముందు తింటాను. ఆ తర్వాత ఒకే దుప్పటి కింద కాళ్లు చాపుకుని కూర్చుంటాం. అతని ఒళ్లో లాప్‌టాప్, నా ఒళ్లో పద్దెనిమిది వ్యాసాలు. నేథన్ తను చదివిన కోల్డ్‌హామ్ కాలేజీలోనే ఈ సెప్టెంబరులో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి వారమే తల పట్టుకుని, "బ్రిట్, ఈ ఒక్కటీ చూసిపెట్టవా? నీకు చకచకా వచ్చేస్తుంది" అన్నాడు. ఆ ఒక్కటీ చూశాను. అప్పట్నుంచి మార్కు వేసేది అతను, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసేది నేను. వారమంతా ఊరి లైబ్రరీలో పుస్తకాలు సర్దే నాకు, ఎవరి ఆలోచనలోనో ముడి ఎక్కడ పడిందో వెతికి విప్పడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఈ ఆదివారం మధ్యాహ్నం అత్తవారింట్లో భోజనం. మామగారు ప్రెస్కాట్ కూడా కోల్డ్‌హామ్‌లోనే చదివారు. ఆయన తండ్రీ అంతే. కాలేజీల ర్యాంకుల జాబితా వచ్చిన రోజు ఆ ఇంట్లో దాన్ని పైకి చదువుతారు. కోల్డ్‌హామ్‌ది ఎప్పుడూ మొదటి అయిదులో చోటు. నేను చదివిన రష్ క్రీక్ అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. జాబితాలో దాని కోసం వేలితో కిందికి జరుపుకుంటూ పోవాలి. నిశ్చితార్థం రోజు మామగారు, "రష్ క్రీకా? అది కాలేజీయా, వాగా?" అన్నారు. క్రీక్ అంటే వాగేగా, అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. అప్పుడు నేథన్ నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు మరి.

వేపుడు మాంసం వడ్డిస్తుండగా మామగారు ఫోను తీశారు. నేథన్ విద్యార్థి ఒకడి తండ్రి, తన కొడుకు వ్యాసంలో ఒక పేజీని ఫొటో తీసి పంపాడట.

"వినండి! 'ఈ వాక్యం అందంగా ఉంది, కానీ నువ్వు దీన్ని నమ్ముతున్నావా? నమ్మితే రెండో పేజీలో దీనికి విరుద్ధంగా ఎందుకు రాశావు?' ఒక్క పేజీలో ఇలాంటివి తొమ్మిది! దీన్నంటారు కోల్డ్‌హామ్ చదువని. డీన్ కూడా చూశాడు. మిగతా మాస్టార్లకి ఎలా దిద్దాలో నేర్పమని మన నేథన్‌ని అడగబోతున్నాడు. ఏమ్మా బ్రిట్, మీ వాగు దగ్గర ఇలా రాసేవాళ్లున్నారా?"

రష్ క్రీక్‌లో ప్రొఫెసర్ హాగన్ నా వ్యాసాన్ని ఏడుసార్లు వెనక్కిచ్చింది. ఏడోసారి కింద 'ఇప్పుడు నువ్వే మాట్లాడుతున్నావు' అని రాసింది. చివరి ఏడాది పరీక్షకి బయటి కాలేజీ నుంచి ఒకాయన మంచులో కారు నడుపుకుంటూ వచ్చి, రెండు గంటలు నన్ను నిలబెట్టి ప్రశ్నలడిగాడు. నేథన్ పాత వ్యాసాలు నేను చూశాను. ప్రతిదాని మీదా 'చాలా బాగుంది', పక్కన 'ఏ' గ్రేడు, అంతే. కోల్డ్‌హామ్‌లో మంచి మాస్టార్లు లేరని కాదు. కానీ ఆ తొమ్మిది ప్రశ్నలూ అక్కడివి కావు. ఇదంతా నోటిదాకా వచ్చింది. నేథన్ బంగాళాదుంపల గిన్నె మీంచి నా వైపు చూశాడు. పెదవులు కదపకుండానే బతిమాలే చూపు. అప్పటికి నవ్వి, ఖాళీ పళ్లేలు పట్టుకుని లేచాను.

వంటగదిలో అత్తగారు లోర్నా కుళాయి తిప్పింది.

"పెళ్లి కానుకలకి థాంక్యూ కార్డులు ఎన్ని రాశావే?"

"నూట పన్నెండు."

"నేథన్ ఎన్ని రాశాడు?"

"సంతకం పెట్టాడండీ."

ఆవిడ నవ్వలేదు. "నీ కార్డు ఫ్రిజ్ మీద అతికించుకున్నాను. రోజూ పాలు తీసుకున్నప్పుడల్లా చూస్తాను. ఆ ఫోనులో ఉన్న చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. ఎన్నాళ్ల నుంచి?"

"సెప్టెంబరు నుంచి."

"ఇష్టంగానే చేస్తున్నావా?"

"చాలా ఇష్టంగా. ఒట్టు."

"నేనూ అలాగే మొదలుపెట్టాను" అంది ఆవిడ, కుళాయి కట్టేస్తూ. నా చేతిలో యాపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' పెట్టింది, కత్తి పెట్టింది, తలుపు తను పట్టుకుని నిలబడింది.

బల్ల దగ్గర డీన్‌కి ఏం జవాబివ్వాలన్న చర్చ నడుస్తోంది. "ఒప్పేసుకుంటాలే నాన్నా, బ్రిట్ కూడా సాయం చేస్తుంది" అంటున్నాడు నేథన్. చేస్తానని నాకూ తెలుసు. అతను మాట్లాడబోయే మాటలన్నీ దుప్పటి కింద నేనే రాసిస్తాను, మాడిన అంచులు తింటూ, సంతోషంగా. భయపెట్టింది ఆ సంతోషమే.

ఆ 'పై'ని ముక్కలుగా కోసి, మొదటిది మామగారికి పెట్టాను.

"ఆ రాతలు నావి" అన్నాను.

"ఏ రాతలమ్మా?"

"ఫోనులోవి. మిగతా పేపర్ల మీదవి కూడా. రేపటి నుంచి నేథన్ పేపర్లు నేథనే దిద్దుకుంటాడు."

నేథన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులంటే నాకెంత ఇష్టమో. అయినా మాట మార్చలేదు. రెండో ముక్క, పెద్దది, అతనికే పెట్టాను.

"డీన్ గారికి నేర్పేవాళ్లు కావాలంటే నా నంబరు ఇవ్వండి" అన్నాను మామగారితో. "ఎక్కడ చదివిందని అడుగుతారు. రష్ క్రీక్ అని చెప్పండి."