ముక్కులో కండ

హాడో వార్ఫులో ఓడల సరుకు దించే క్రేన్ నడిపే పైడిబాబుకి రెండేళ్లుగా ఎడమ ముక్కు మూసుకుపోయి ఉండేది. జలుబే అనుకున్నాడు. ఒకనాడు తుమ్మితే రక్తం పడింది. పరీక్షలు చేసిన డాక్టరమ్మ, లోపల కండ పెరిగిందనీ, క్యాన్సర్ కాదనీ చెప్పింది. పైన కోత పెట్టకుండా ముక్కు రంధ్రంలోంచే సన్నటి కెమెరా గొట్టం పంపి, ఆ కండనీ, అది అంటుకున్న ఎముక పైపొరనీ తీసేసింది.

"ఇది మళ్లీ పుట్టే రకం. బాగున్నా సరే, చెప్పిన తేదీకి వచ్చి చూపించుకోవాలి," అని మరీ మరీ చెప్పింది.

మొహం మీద గాటు లేకపోవడమే పైడిబాబుకి చిక్కయింది. బాంబూఫ్లాట్‌లో అతని ఇంటికి పళ్లు పట్టుకుని పరామర్శకి వచ్చినవాళ్లు ఎగాదిగా చూసి, "ఇంతకీ ఆపరేషన్ ఎక్కడ సేసారు?" అనేవారు. దాంతో ఆపరేషన్ వీడియో అడిగి ఫోన్లో వేయించుకున్నాడు. రోజూ పనికి దాటే ఫెర్రీలో పక్కన కూర్చున్నవాళ్లందరికీ చూపించేవాడు. ఎవరు చీదినా, "చెకప్ చేయించుకో భయ్యా," అని వెంటపడేవాడు. అతని పోరు పడలేక ఏడుగురు ఆసుపత్రికి వెళ్లారు. ఏడుగురికీ ఉత్త జలుబే.

తను మాత్రం రెండుసార్లు వెళ్లి మానేశాడు.

"తేదీ దాటిపోనాది," అని భార్య ప్రమోద గుర్తుచేస్తే, "నాకేటయిందే? సూడు," అంటూ గుండెల నిండా గాలి పీల్చి చూపించేవాడు.

ఏడాదిన్నర గడిచాక పక్కింటి నూకన్నకి ముక్కు దిబ్బడ పట్టుకుంది. నడిసముద్రంలో వేటాడే మనిషి, ఆ గొట్టం పేరెత్తితే మాత్రం వణికిపోయాడు. పైడిబాబు సెలవు పెట్టి మరీ తన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. తీరా లోపలికి పిలిచాక నూకన్న మొండికేశాడు.

"ముందల నువ్వు ఎట్టించుకో. నీకేటీ అవ్వకపోతే అప్పుడు నాను."

"అరె, దర్ద్ ఉండదంటే నమ్మవేటి? సూడు!" అని పైడిబాబు దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరమ్మ గొట్టం లోపలికి పంపి, తెర వైపు వంగి ఒకే చోటుని రెండుమూడుసార్లు చూసింది. "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అంది చివరికి.

"బాగానే ఉంది కదా మేడమ్..."

పాత చోటే శనగగింజంత కండ మళ్లీ మొలిచింది. నూకన్నకి ఎలర్జీ అని తేలింది. స్ప్రే రాసిచ్చి పంపేశారు.

తిరుగు ఫెర్రీలో పైడిబాబు ఎవరికీ వీడియో చూపించలేదు. నూకన్న ఇంటిదాకా వచ్చి, తనే ఏదో తప్పు చేసినట్టు ప్రమోదకి సంగతి చెప్పాడు.

"నీ పిరికితనం సల్లగుండ, అన్నా!" అందామె, కళ్లు తుడుచుకుంటూ.

చిన్నగా ఉండగానే దొరికింది గనక రెండో ఆపరేషన్ తేలిగ్గా అయిపోయింది. ముక్క పరీక్షలో ఈసారీ క్యాన్సర్ లేదన్నారు. మూడు నెలల తర్వాత మొదటి చెకప్‌కి ప్రమోద తనే వెంట వచ్చింది. లోపల శుభ్రంగా ఉందని డాక్టరమ్మ చెప్పగానే పైడిబాబు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకా ఎన్నాళ్లు రావాల మేడమ్?"

"ముక్కున్నన్నాళ్లు," అందావిడ.

అతను కుర్చీ దిగేలోపే ప్రమోద తర్వాతి తేదీ రాయించేసుకుంది.