జీలుగు చెట్టుకు చెప్పిన మాటలు

తెల్లారేసరికి బుధు వెదురు నిచ్చెన మీద ఉండేవాడు. తాటిచెట్టు లాంటి జీలుగు చెట్టు గెల కొస పల్చగా చెక్కి, నిండిన ఆనప బుర్ర దింపి, ఖాళీది కట్టేవాడు. చెక్కుతున్నంతసేపూ చెట్టుని పలకరిస్తూ ఉండాలి, బెదిరితే కల్లు దిగదు. అది ఆ కొండల మీద పద్ధతి. “నా తల్లి కదూ, నొప్పెట్టిందేటి? అయిపోనాది, అయిపోనాది” అని బుజ్జగించేవాడు.

ఆ మాటలు కల్లులోకి దిగేవి. తాగినవాళ్ళకి ఎవరో తల నిమిరినట్టుండేది. పొరుగింటి యర్రమ్మ, మొగుడు పోయిన ఏడాదంతా, పొద్దున్నే ఓ ఆకు డొప్పెడు తాగి, కాస్త కుదుటపడి పోడు పనికి పోయేది.

చెట్టు దిగితే మాత్రం బుధు మొహాన నవ్వుండేది కాదు. మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని అతని గట్టి నమ్మకం. పదో తరగతి చదివే కొడుకు ధర్మ, హాస్టల్ నుంచి వచ్చి లెక్కల్లో తొంభై వచ్చాయంటే, “మిగతా పదీ ఎవుడు తినేసినాడు?” అన్నాడు.

పండక్కి పిల్లలు ఓ గుక్క తాగితే ఆ ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు. ధర్మ అలా మొదలెట్టి, రోజూ హాస్టల్ గోడ దూకి, కొండ అడ్డదారిన వచ్చి అయ్య కల్లు తాగడం దాకా వెళ్ళాడు. క్లాసులో తూలిపడ్డాడు. మానితేనే రమ్మని వార్డెన్ ఇంటికి పంపేశాడు. పరీక్షలు ఇంకో రెండు నెలల్లో ఉన్నాయి.

బుధు కర్ర విరిగేదాకా కొట్టాడు. మర్నాడు ధర్మ రెండు బుర్రలు ఖాళీ చేశాడు.

“కొట్టి అడగడమే గాని, ఊరికే ఓపాలి అడిగినావా?” అంది పెళ్ళాం సోములమ్మ.

బుధు వెళ్ళి చెట్టు మొదట్లో కొడుకు పక్కన కూర్చున్నాడు. అలవాటు లేని పని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఏల తాగుతన్నావురా?”

ధర్మ పుల్లతో నేల గీకాడు. “కల్లులో అయితే నువ్వు బాగా మాటాడతావు, అయ్యా.”

బుధుకి సిగ్గేసింది. ఊరందరికీ పోసి, కన్నకొడుక్కి చుక్క మిగల్చలేదు. నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. చివరికి వాడి వీపు మీది వాతలు తడిమి, “నొప్పెట్టిందేటి?” అన్నాడు. ధర్మ ఏడ్చాడు. ఆపైన ఇద్దరూ పొద్దెక్కేదాకా అక్కడే ఉన్నారు.

మర్నాటి నుంచి, చెట్టుని ఎంత బుజ్జగించినా, బుర్రలో నీళ్ళే దిగాయి. “సప్పగుంది” అని యర్రమ్మ పక్క ఊరి చెట్టుకు పోయింది. మిగతావాళ్ళూ పోయారు. బుధు కాఫీ తోటలో కూలికి కుదిరాడు. ధర్మ కూడా వారంపాటు రోజూ రుచి చూశాడు. ఎనిమిదో రోజున మూతి తుడుచుకుని, పుస్తకాలు సంచిలో పెట్టుకుని, హాస్టల్‌కి పోయే జీపెక్కాడు.

బుధు మలుపు దాకా జీపు పక్కనే నడిచాడు, ఏదో చెబుతూ. ఇంజను మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. ధర్మ అన్నిటికీ తలూపుతూనే ఉన్నాడు.