గేటు బయట అండాలమ్మ

ప్రసన్నకుమార్ గారు మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ అయ్యాక చేసిన మొదటి ఘనకార్యం వాచ్‌మన్ని పోగొట్టడం. ఆయన పెట్టే నస భరించలేక ఆ మనిషి మేనకోడలి పెళ్లని ఊరెళ్లి మళ్లీ రాలేదు. రెండో ఘనకార్యం ఆ లోటును కరెంటు తాళంతో పూడ్చడం. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి కదా, ఆయనకి ప్రతి సందులోనూ ఓ ప్రమాదం కనిపిస్తుంది. మాది కొత్తపేట వెనక పదిహేను ఫ్లాట్ల బిల్డింగు. ఇటు దిల్‌సుఖ్‌నగర్, అటు ఎల్బీనగర్, మధ్యలో ఎవరు ఎవరో తెలియనంత జనం. కాబట్టి ఆయన భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

మూడు కంపెనీల వాళ్లు వచ్చి చూపించారు. వేలిముద్రది వద్దే వద్దన్నారు ఆడవాళ్లు. అంట్లు తోమి తోమి అరిగిన వేలికి అది తెరుచుకోదని ఎవరి చెల్లెలింట్లోనో చూశారట. ముఖం చూసి తెరిచేది అందరికీ నచ్చింది గానీ, అది అందర్నీ గుర్తుపట్టి ఒక్క ప్రసన్నకుమార్ గారినే గుర్తుపట్టలేదు. దాంతో ఆయనకి దాని మీద మనసు విరిగిపోయింది. చివరికి కార్డుతో పనిచేసేది తీసుకున్నాం. కార్డు ఆనిస్తే గేటు తెరుచుకుంటుంది. బయటికి వెళ్లేటప్పుడు లోపల గోడకున్న పచ్చ బటన్ నొక్కాలి. అంతే, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

కొనేముందు మీటింగులో 302 ఓనరు నాగార్జున ఒక్క మాట అడిగాడు. అతను బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయి ఇక్కడి ఫ్లాటు అద్దెకిచ్చాడు. "అంకుల్, అద్దెకున్నవాళ్ల కార్డుల్ని ఓనరు తన ఫోన్లోంచే ఆపేసే వీలుండాలి. రేపు ఖాళీ చెయ్యమంటే చెయ్యకపోతే?"

"అదండీ ముందుచూపంటే!" అని ప్రసన్నకుమార్ గారు పొంగిపోయి, ఆ వీలున్నదే పట్టుబట్టి కొనిపించారు. అద్దెకున్న వాళ్లెవరూ ఆ మీటింగులో లేరు. వాళ్లని పిలిచే అలవాటు మాకు లేదు.

తాళం వచ్చాక రూల్సు వచ్చాయి. ఒకరి కార్డు ఇంకొకరికి ఇవ్వకూడదు. గేటు బయట నిలబడ్డ వాళ్లకి లోపల్నుంచి బటన్ నొక్కి తెరవకూడదు. ఈ రెండో రూలుకి రోజూ గండి కొట్టింది 302లో ఉండే అండాలమ్మ. కొడుకు దశరథకి బాటసింగారం పండ్ల మార్కెట్లో పని, చీకటితోనే వెళ్లిపోతాడు. కోడలు స్వప్న బట్టల షాపులో చేస్తుంది. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఈ ముసలావిడ, కార్డు ఇంట్లో మరిచిపోయి కూరగాయలకి వెళ్లేది. తిరిగొచ్చి గేటు చువ్వలు పట్టుకుని, "ఓ బిడ్డా, జర గా బటన్ ఒత్తు" అని కేకేసేది. మేం నొక్కేవాళ్లం. ప్రసన్నకుమార్ గారు మాత్రం ఎదురెళ్లి నిలదీసేవారు.

"కార్డేదమ్మా?"

"కార్డు ఇంట్ల ఉంది. నేను బయటున్న. ఇద్దరం ఒక్కకాడ ఉంటే నిన్నెందుకు అడుగుత కొడుకా?"

ఆయన గొణుక్కుంటూ నొక్కేవారు. ఆవిడ సంచిలోంచి ఇంత చింతచిగురు తీసి ఆయన చేతిలో పెట్టేది. లంచమా అని ఆయన కసురుకుంటే, "అవ్, లంచమే. రేపు గూడ ఒత్తాలె గదా" అని నవ్వేది. ఆ సాయంత్రం సెక్రటరీ గారింట్లోంచి చింతచిగురు పప్పు వాసన వచ్చేది. లంచం పుచ్చుకున్నట్టే లెక్క.

మొన్న వేసవిలో అండాలమ్మకి గుండెనొప్పి వచ్చింది. దవాఖానలో చేర్చిన మర్నాడే పోయింది. పొద్దెక్కాక అంబులెన్సు మా సందులోకి వచ్చి గేటు ముందు ఆగింది. దశరథ దిగి కార్డు ఆనించాడు. ఎర్ర లైటు వెలిగింది. స్వప్న తన కార్డు ఆనించింది. మళ్లీ ఎర్ర లైటే.

మర్యాద కొద్దీ దశరథే ఓనరు నాగార్జునకి ఫోన్ చేసి అమ్మ పోయిందని చెప్పాడట. ఆ చెప్పడమే తప్పయింది. అద్దె ఇంట్లోకి శవాన్ని తేనివ్వకపోవడం ఈ ఊళ్లో ఎక్కడా రాయని రూలు. దవాఖాన నుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లమంటారు. పెద్దకర్మ అయ్యేదాకా మనుషులు కూడా ఇంట్లో ఉండకూడదనే వాళ్లున్నారు. ఇదివరకు ఆ మాట ఓనరు ఎదురుగా నిలబడి చెప్పాల్సి వచ్చేది, కాస్త సిగ్గయినా పడేవాడు. ఇప్పుడు ఆ పని ఎర్ర లైటు చేసిపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పార్కింగులో పదిమందిమి పోగయ్యాం. అందరి జేబుల్లోనూ కార్డులున్నాయి. పచ్చ బటన్ చంటిపిల్లలకి కూడా అందే ఎత్తులో ఉంది. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? మొదటి అంతస్తు బిందుమాధవి గారమ్మాయి భావన పెళ్లి ఆదివారమే. పెళ్లింటి ముందుకి శవాన్ని ఎలా రానిస్తామని ఒకరు గొణిగారు. బిందుమాధవి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అందరి చూపులూ సెక్రటరీ మీదికి మళ్లాయి.

దశరథ చువ్వల అవతల నుంచి చేతులు జోడించాడు. "సారూ, జర లోపలికి రానియ్యుండ్రి. తానం పోసి, కొత్త చీర కట్టి తీస్కపోతం. ఊర్ల ఇల్లు కూలిపోయింది. గీ ఇల్లు దప్ప మా అమ్మకు ఇంకో ఇల్లు లేదు సారూ."

ప్రసన్నకుమార్ గారు నాగార్జునకి స్పీకరు పెట్టి ఫోన్ చేశారు. అతను చెడ్డవాడేం కాదు, గొంతులో ఇబ్బంది మాకూ వినిపిస్తూనే ఉంది.

"నాకూ బాధగానే ఉందంకుల్. మా అత్తగారు అస్సలు ఒప్పుకోవట్లేదు. రేపు ఆ ఫ్లాట్లో ఇంకొకరు దిగాలన్నా ఆలోచిస్తారు కదా. ఎక్కడైనా హాలు తీసుకోమనండి, ఖర్చు నేనే పెట్టుకుంటా. కింద పెళ్లి కూడా ఉందాయె."

పాము చావకుండా కర్ర విరక్కుండా మాట్లాడటమంటే ఇదే. ప్రసన్నకుమార్ గారు ఫోను అలాగే పట్టుకుని అంబులెన్సు వైపు చూశారు. వెనక తలుపు తెరిచే ఉంది. స్వప్న లోపల కూర్చుని అత్తగారి ముఖానికి ఎండ తగలకుండా చున్నీ అడ్డం పట్టుకుంది.

ఆయన భార్య కుసుమకుమారి గారు ముందుకొచ్చారు. "ఏవండీ, మీరు నొక్కుతారా, నన్ను నొక్కమంటారా?"

"నేనే నొక్కాలి. ఇది కొనిపించింది నేను" అని, ఆయన ఫోన్లోకి గట్టిగా చెప్పారు. "నాగార్జునా, నువ్వు ఆపాల్సింది ఆపావు. నేను తియ్యాల్సింది తీస్తున్నా. రేపు మీటింగు పెట్టి నన్ను తీసెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు."

పచ్చ బటన్ నొక్కారు. గేటు తెరుచుకుంది.

దశరథ, అంబులెన్సులో తోడొచ్చిన అతని బావమరిది, డ్రైవరు కలిసి స్ట్రెచర్ దించి లోపలికి తెచ్చారు. మార్కెట్లో తోటి పనివాళ్లు బయల్దేరారట గానీ ఇంకా రాలేదు. దశరథ పార్కింగులో ఓ మూల ఖాళీ చూసుకుని అన్నాడు. "గీడనే పెడ్తం సారూ. పైకి వద్దు. ఎవలకూ తిప్పలు పెట్టం. గంటల తీస్కపోతం."

ప్రసన్నకుమార్ గారికి కోపమొచ్చింది. ఆయన కోపం ముద్దొచ్చింది నాకు ఆ ఒక్కసారే. "పార్కింగులో పెట్టడానికి ఆవిడేమన్నా స్కూటరా? ఆవిడ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. పద."

లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. మెట్ల మీదుగా మొయ్యాలి, మొయ్యడానికి నాలుగో మనిషి కావాలి. మేం ఒకరి ముఖాలొకరు చూసుకునే లోపే, మోకాలికి బెల్టు కట్టుకుని నడిచే ప్రసన్నకుమార్ గారు వంగి నాలుగో కొస పట్టుకున్నారు. నేను అండాలమ్మ బట్టల సంచి, చెప్పులు తీసుకుని వెనకే నడిచాను. బిందుమాధవి గారు మా అందరికంటే ముందు గబగబా మెట్లెక్కి వెళ్లిపోయారు. తలుపులు మూసుకోవడానికి వెళ్తున్నారనుకున్నాను. తప్పు పట్టలేం, శవం వెళ్తుంటే ఏ ఇంట్లోనైనా తలుపులు మూస్తారు, ఇక పెళ్లిల్లయితే చెప్పక్కర్లేదు.

మొదటి అంతస్తు మలుపు దగ్గర స్ట్రెచర్ ఆగిపోయింది. తోరణం కట్టిన గుమ్మం ముందు నిండా పూలబుట్టలు, కొబ్బరికాయల బస్తాలు, ఇత్తడి బిందెలు. స్ట్రెచర్ తిప్పడానికి జానెడు చోటు లేదు. పెళ్లి సామాను జరపమని ఏ నోటితో అడుగుతాం? దశరథ తలొంచుకున్నాడు. ప్రసన్నకుమార్ గారు ఆయాసపడుతున్నారు.

బిందుమాధవి గారు అప్పటికే వంగి ఓ బస్తాని తన చేతులతో పక్కకి ఈడుస్తున్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆవిడ లోపలికి చూసి కేకేశారు.

"భావనా, ఈ బుట్టలన్నీ లోపలికి లాగవే, త్వరగా! మామ్మగారు ఇంటికొస్తున్నారు."

ప్రసన్నకుమార్ గారు భోరుమన్నారు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ స్ట్రెచర్‌కే ఉన్నాయి. అలాగే ఏడుస్తూ మలుపు తిరిగి, పై మెట్టు మీద కాలు పెట్టారు.