తడి మసిగుడ్డ

పాలు పొంగే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతాయి, ఆ క్షణంలోనే గిన్నె దించెయ్యాలి, ఇంకా ఆగలేదు, మీగడ అంచు మాత్రం గిన్నెని వదిలి మధ్యకి జరుగుతోంది, ఆమె గరిటెతో మెల్లగా తిప్పింది, నిన్న సాయంత్రం సైటులో గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు కూడా ఇలాగే, ఏదో పొంగబోతూ ఆగినట్టు, పైన ప్లాస్టిక్ షీటు, టేపు ఊడిన చోట చెయ్యి దూరిస్తే కింద రాతి ఉన్ని, రాయిని కరిగించి నూలులా తీసి చేసిన పరుపు, పొడిగా గరగరలాడాల్సింది చల్లగా, బరువుగా, పిండకుండా దండెం మీద వేసిన దుప్పటిలా ఉంది, ఆరిపోతుందిలేమ్మా అన్నాడు మేస్త్రి, ఆయన లోకంలో ప్రతిదీ ఆరిపోతుంది, అతుక్కుంటుంది, సర్దుకుంటుంది, మంచి మనిషి, ఆ మంచితనంతోనే చిక్కు, ఇవాళ పదింటికి షీటు అలాగే ఉంచి ఆ ఉన్ని ముందు మట్టి పలకలు బిగించేస్తారు, బిగించాక ఇక ఆ గోడని విప్పేవాళ్ళుండరు, వచ్చే నెలలో ఆ గోడ వెనక పుట్టి నాలుగు రోజులైనా కాని పిల్లలు పడుకుంటారు, నిన్న ఏదో అనాలనుకుంది, సరే అని మాత్రం అంది, ఆమె నోట్లోంచి రోజుకి పది మాటలొస్తే అందులో ఆరు సరేలే, ఆర్కిటెక్టు ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే పెద్దసారు, ఈ అమ్మాయి మూగనోము పట్టిందా ఏమిటి, అన్నారు, అందరూ నవ్వారు, అప్పటి నుంచి ఆమె పేరు మూగనోమే, ఫైళ్ళ మీద కూడా మూ.నో. అని రాస్తారు.

కానీ ఆ గోడ ఆమెది, ఆస్పత్రి పిల్లల వార్డు నమూనా మొత్తం పెద్దసారుది, పడమటి గోడ ఒక్కటే ఆమె చేతికిచ్చారు, ఆయన మొదట అక్కడ నిలువెత్తు అద్దాల గోడ అనుకున్నారు, అద్దమైతే ఫొటోలో బాగుంటుంది, వార్డులో పడమటి ఎండ ఎలా ఉంటుందని ఆమె ఇంటికొచ్చి అత్తయ్యని అడిగింది, భర్త పొద్దున్నే షిఫ్టుకి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే, ఒకరు మాట్లాడరు, ఒకరికి నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే బాగా పడుతుంది, అత్తయ్య ముప్పై ఏళ్ళు పిల్లల వార్డులో ఆయాగా చేసి రిటైరైన మనిషి, మధ్యాహ్నం మూడు దాటితే చాలు, మంచాలన్నీ తూర్పు వైపుకి తోసేవాళ్ళం తల్లీ, చక్రాలు అరిగాయి గానీ ఎండ అరగలేదు, అంది, ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఎండాకాలమంతా పాత వార్డులో ఒక మూల స్టూలు మీద కూర్చుంది, గంట గంటకీ నేల మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీసింది, నర్సులు మొదట్లో ఎవరో పేషెంటు తాలూకు అనుకున్నారు, తర్వాత గీత తొక్కకుండా నడవడం నేర్చుకున్నారు, ఆ గీతల్లోంచి వచ్చింది ఈ గోడ, లోపల ఇటుక, ఇటుకకి దుప్పటిలా ఉన్ని, ఉన్నికి బెత్తెడు ఎడంగా మట్టి పలకలు, ఆ సందులోకి కింది నుంచి గాలి వచ్చి, వేడెక్కి, పై నుంచి పోతుంది, ఎండ పలకల దగ్గరే ఆగిపోతుంది, కిటికీలు పడమట చిన్నవి, ఉత్తరాన పెద్దవి, చిన్నవాటికి కనురెప్పల్లా నిలువు చెక్కలు, గోడలకి చెవులుంటాయంటారు, చర్మం ఉంటుందని ఎవరూ అనరెందుకో, ఏసీ సగం సేపు ఆపెయ్యొచ్చని కంప్యూటరు లెక్క చెప్పింది, కరెంటు పోయినా మూడు గంటలు గది కాగదని కూడా చెప్పింది, పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు, అద్దం సంగతి ఇక ఎత్తలేదు, ఆ రోజు ఆమె ఇంటికి నడిచే వచ్చింది, బస్సెక్కడం మర్చిపోయి.

ఆగాయి, అదిగో, పాలు ఆగాయి, చేతికందిన మసిగుడ్డ లాగి గిన్నె అంచు పట్టుకుని ఎత్తింది, చురుక్కుమంది, గుడ్డ మడతలోంచి వేడి సూదిలా దిగింది, గట్టు మీద పెట్టేలోపు నాలుగు చుక్కలు ఒలికాయి, ఆ గుడ్డతో ఇప్పుడేగా గట్టు తుడిచాను, అని వెనక నుంచి అత్తయ్య, తడి మసిగుడ్డతో ఎవరైనా వేడి గిన్నె పట్టుకుంటారా, పొడిది మేకుకి వేలాడుతూనే ఉందిగా, తడి గుడ్డా ఒకటే, ఒట్టి చెయ్యీ ఒకటే, ఏదీ చూపించు, బొబ్బ రాదులే, నీళ్ళ కింద పెట్టు, ఆమె వేలు కుళాయి కింద పెట్టింది గానీ కళ్ళు గుడ్డల మీదే ఉన్నాయి, రెండూ ఒకే పాత తువ్వాలు ముక్కలు, ఒకే మందం, పొడి గుడ్డలో చేతిని కాపాడేది గుడ్డ కాదు, దారాల మధ్య చిక్కుకున్న గాలి, ఆ గాలి చోట్లో నీళ్ళు చేరితే వేడిని వేలు పట్టుకుని నడిపించుకొస్తాయి, కంప్యూటరుకి తను చెప్పింది పొడి ఉన్ని గురించే, తడి ఉన్ని ఎంత మందం ఉంటే మాత్రం ఏం లాభం, మూడు రోజుల వాన, ఉన్ని బిగిస్తుండగానే పట్టుకుంది, కప్పే వ్యవధి ఇవ్వలేదు, వాన వెలిశాక మేస్త్రి మనుషులు పరుగున ప్లాస్టిక్ షీటు తెచ్చి కప్పారు, అంచులకి టేపు కూడా వేశారు, తడిసిన ఉన్నిని తడవకుండా కప్పారు, తలంటుకుని తుడుచుకోకుండా టోపీ పెట్టుకున్నట్టు, నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఆగింది, ఎందుకంటే కప్పమని రాసింది తనే, డ్రాయింగులో కింద, కుడి మూల, తన చేతిరాత, పలకలు బిగించేదాకా ఉన్నిని కప్పి ఉంచాలి, అంతే, తడిస్తే ఆరబెట్టి, అన్న రెండు మాటలు రాయలేదు, ఆ మాత్రం ఎవరికి తెలియదు అనుకుంది, నోటితో చేసే పొదుపే కాగితం మీదా చేసింది, మేస్త్రి తప్పేముంది, అక్షరం పొల్లుపోకుండా చేశాడు.

ఎనిమిదైంది, సైటుకి గంట ప్రయాణం, నిన్న రాత్రి పెద్దసారుకి మెసేజ్ పెట్టింది, ఉన్ని కొంచెం తడిగా ఉంది సార్ అని, గాలి సందు ఉందిగా, అదే ఆరబెడుతుంది, అని వెంటనే జవాబు, గాలి షీటుకి అవతల సార్, నీళ్ళు షీటుకి ఇవతల, అని టైపు చేసి చెరిపేసింది, ప్రారంభం తేదీ వేసి కార్డులు అచ్చయిపోయాయి, షీటు విప్పి ఆరబెట్టాలంటే ఎండ కాసినా నాలుగు రోజులు, కొన్ని పరుపులు మార్చక తప్పదు, ఎందుకు అంటారు, నా రాతలోనే తప్పుంది అని చెప్పాలి, ఇంకెప్పుడూ గోడ చేతికివ్వరేమో, పోనీ ఊరుకుంటే, ఊరుకోవడం తనకి తెలిసినంత ఎవరికి తెలుసు, పెద్దసారు మాటకారి, మసిపూసి మారేడుకాయ చేసేస్తారు, బయటికి మట్టి పలకలు ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటాయి, లోపల బూజు పడుతుంది, మూడయ్యేసరికి మళ్ళీ మంచాలు తూర్పుకి, అత్తయ్యా, వార్డులో గోడ చెమ్మగా ఉంటే ఏమవుతుంది, అని అడిగేసింది, తనంతట తాను ప్రశ్న వెయ్యడం ఆ ఇంట్లో అరుదు గనక అత్తయ్య చేతిలో గ్లాసు దించి మరీ చూసింది, ఉక్కపోస్తే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు, అందరం పరిగెత్తుతాం, చెమ్మకి ఏడవరు, సన్నగా దగ్గుతారు, ఎవరికీ వినపడదు, అచ్చం నీలాగే, అని నవ్వి, నవ్వు ఆపి, ఏమే, నీ గోడ తడిసిందా, అంది, తడిసింది, మరి చెప్పావా, సగం చెప్పాను, సగం చెప్పడమేమిటి, మీ ఆఫీసులో చేతులు కాలాకే ఆకులు పట్టుకుంటారా, ఆమె చేతివంక చూసుకుంది, కాలింది ఒక్క వేలే, చెయ్యి ఇంకా బాగానే ఉంది.

ఆ వేలికి ఎవరూ లెక్కలు చెప్పలేదు, పట్టుకోగానే తెలిసింది, పదింటికి పెద్దసారూ సైటుకి వస్తారు, అక్కడ మేస్త్రి టీ కెటిలు పొద్దంతా పొయ్యి మీద సలసల కాగుతూనే ఉంటుంది, దాన్ని ఈ పొడి గుడ్డతో పట్టుకోండి మేస్త్రిగారూ, ఇప్పుడు ఈ తడిదాంతో పట్టుకోండి, సార్ మీరు కూడా, అంతే, ఆ తర్వాత చెప్పాల్సింది ఒక్కటే, రెండు మాటలు నేను రాయలేదు, ఇప్పుడు రాస్తాను, అది చెప్పగలదా, పెదాలు కదిపి చూసింది, చెప్పగలదు, గోడ ఇంకా తెరిచే ఉంది, కిటికీలోంచి ఎండ గట్టు మీద ఒలికిన పాలచుక్కల దాకా వచ్చింది, అప్పుడే రెండు ఆరిపోయాయి, నాలుగు రోజులు ఇలా కాస్తే చాలు, మేకుకున్న మసిగుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది, తడిదాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించింది, ఆరిపోకుండా, డ్రాయింగు చుట్ట చంకలో, పెన్ను జడలో, కాదు, సంచిలో, చెప్పులు వేసుకుంది, ఏమే, ఉన్న రెండు మసిగుడ్డలూ పట్టుకుపోతే నేను గిన్నెలు దేంతో దించను, టీ కూడా తాగలేదు, ఏదో ఒకటి చెప్పి వెళ్ళు, అంటోంది అత్తయ్య వంటింట్లోంచి, మామూలు రోజైతే సరే అనేది, ఇవాళ అదీ అనలేదు, ఉన్న మాటలన్నీ పదింటికి కావాలి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకి వేసి మెట్లు దిగింది.